మూడు ఫ్రేములు, ఒక్క ఫొటో: బ్రాకెటింగ్‌పై అపోహలు - వాస్తవాలు

గుళ్లు, పాత కట్టడాల ఫొటోలు తీయడం నా పని. మధ్యమధ్యలో పెళ్లిళ్లూ చేస్తాను. కొత్తగా కెమెరా కొన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది బ్రాకెటింగ్ గురించే. మెనూలో చూసి ఒకసారి ఆన్ చేస్తారు. ఒకటి నల్లగా, ఒకటి మామూలుగా, ఒకటి తెల్లగా పాలిపోయి మూడు ఫొటోలు వస్తాయి. వాటిని ఏం చేయాలో తెలియక మళ్లీ ఆ వైపు వెళ్లరు. ఇంత మంచి సదుపాయం అలా మూలన పడి ఉండటం నాకు బాధగా ఉంటుంది.

అపోహ: బ్రాకెటింగ్ అంటే హెచ్‌డీఆరే (వెలుగూ నీడా రెండూ కనిపించేలా ఫ్రేములను కలపడం). రంగులు కళ్లు చెదిరేలా వస్తాయి.

వాస్తవం: బ్రాకెటింగ్ అంటే ఒకే దృశ్యాన్ని వేర్వేరు ఎక్స్‌పోజర్లలో, అంటే ఫొటోకు అందే వెలుగు మోతాదు మారుస్తూ, తీసి పెట్టుకోవడం, అంతే. వాటిని కలపడం వేరే పని. కలిపేటప్పుడు స్లైడర్లన్నీ చివరిదాకా లాగేస్తే రంగులు చెదురుతాయి. ఆ తప్పు కెమెరాది కాదు. అసలు ఈ ఆలోచన కంప్యూటర్‌తో పుట్టింది కూడా కాదు. ఫ్రాన్స్‌లో గుస్తావ్ ల గ్రే 1850ల్లోనే సముద్రానికి ఒక నెగెటివ్, ఆకాశానికి ఒక నెగెటివ్ వాడి ఒకే ప్రింటు తీశాడు. అప్పటి ప్లేట్ల మీద నీలం కాంతి అతిగా పనిచేసేది. సముద్రం సరిగ్గా వచ్చేలా తీస్తే ఆకాశం ఉత్త తెల్లకాగితంలా మిగిలేది. మన కష్టం కూడా ఇదే కదా!

అపోహ: రా ఫైల్‌లో (సెన్సర్ పట్టినదాన్ని ఉన్నదున్నట్టు దాచే ఫైల్) తీస్తే బ్రాకెటింగ్ అక్కర్లేదు.

వాస్తవం: సగం నిజం. మామూలు వెలుగులో నేనూ ఒక్క రా ఫ్రేమ్‌తోనే సరిపెట్టుకుంటాను. 8 బిట్ల జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 స్థాయిలుంటే, 14 బిట్ల రా ఫైల్‌లో 16,384 ఉంటాయి. కానీ ఈ స్థాయిలు సమంగా పంచి ఉండవు. ఒక స్టాప్ అంటే కాంతి రెట్టింపు కావడం లేదా సగం కావడం. ఆ స్థాయిల్లో సగం, అన్నిటికన్నా వెలుగున్న ఒక్క స్టాప్‌కే పోతాయి. తర్వాతి స్టాప్‌కు మిగిలినదాంట్లో సగం. అలా కిందికి దిగేకొద్దీ నీడలకు దక్కేది కొంచెమే. పైగా అక్కడ సెన్సర్ మీద పడిన కాంతే తక్కువ. అందుకే ఎడిటింగ్‌లో నీడను బాగా పైకి లేపితే నాయిజ్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) పొంగుకొస్తుంది. ఇక వెలుగు ఎక్కువై పూర్తిగా బర్న్ అయిన (ఉత్త తెలుపైన) ఆకాశంలోంచి ఏ సాఫ్ట్‌వేరూ మబ్బును వెనక్కి తేలేదు.

రామప్ప గుడి చూరు కింద నల్లరాతి మదనికలను కింద నిలబడి పైకి చూస్తూ తీయండి, విషయం అర్థమవుతుంది. రాయి నలుపు, పైన చూరు నీడ, వెనక తెల్లారిన ఆకాశం. ఐఎస్‌ఓ (కాంతికి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 100, అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్ 8 పెట్టినప్పుడు రాతికి షట్టర్ 1/30 సెకను కావాలనుకుందాం, ఆకాశానికి 1/500. మధ్య తేడా నాలుగు స్టాపులు. 1/125 దగ్గర పెట్టి రెండు స్టాపులు అటూ ఇటూ బ్రాకెట్ చేస్తే మూడూ చేతికొస్తాయి. అపర్చర్ మాత్రం మారకూడదు, మారితే ఫోకస్ లోతు మారి ఫ్రేములు కలవవు. ఆటో ఐఎస్‌ఓ ఆపేయండి.

అపోహ: ఎన్ని ఎక్కువ ఫ్రేములు తీస్తే అంత మంచిది.

వాస్తవం: హిస్టోగ్రామ్ చూడండి. ఫొటోలో ఎడమన నలుపు నుంచి కుడిన తెలుపు దాకా ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్ అది. అన్నిటికన్నా నల్లటి ఫ్రేమ్‌లో గ్రాఫ్ కుడి గోడను తాకకూడదు, తెల్లటి ఫ్రేమ్‌లో ఎడమ గోడను తాకకూడదు. ఈ రెండూ ఉంటే చాలు. తొమ్మిది ఫ్రేములు తీసేలోపు కొమ్మ ఊగుతుంది, మనిషి నడిచిపోతాడు, కలిపాక దయ్యంలా సగం మనిషి కనిపిస్తాడు.

అపోహ: ట్రైపాడ్ లేకపోతే కుదరదు.

వాస్తవం: కుదురుతుంది. వరుస షాట్ల మోడ్‌లో పెట్టి ఊపిరి బిగబట్టి తీయండి. చిన్న కదలికలను సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది. అన్నిటికన్నా నెమ్మదైన షట్టర్ మీ చేతికి తట్టుకునేలా ఉంటే చాలు. ట్రైపాడ్ తీసుకెళ్తే మాత్రం పురావస్తు శాఖ అనుమతి ముందే చూసుకోండి.

అపోహ: బ్రాకెటింగ్ వెలుగు కోసమే.

వాస్తవం: ఫోకస్ బ్రాకెటింగ్ కూడా ఉంది, నాకు చాలా ఇష్టం. బతుకమ్మ రోజుల్లో ఒక తంగేడు పువ్వు తెచ్చి, గాలి తగలకుండా కిటికీ దగ్గర పెట్టండి. అంత దగ్గరగా తీస్తే ముందు రేకు స్పష్టంగా ఉంటే వెనక రేకు మసకబారుతుంది. ఎఫ్ 22 పెడితే మొత్తం వస్తుందనుకుంటారు. కానీ అంత చిన్న రంధ్రంలోంచి వచ్చే కాంతి చెదిరి మొత్తం ఫొటోయే కాస్త మెత్తబడుతుంది. ఎఫ్ 5.6లో ఫోకస్‌ను కొంచెం కొంచెం జరుపుతూ పదిహేను, ఇరవై ఫ్రేములు తీసి కలపండి. కేసరాల అంచుల చుట్టూ మసక గీతలు మిగులుతాయి, వాటిని చేత్తోనే దిద్దాలి. వైట్ బ్యాలెన్స్ (ఫొటో రంగుల ఛాయ) మారుస్తూ తీసే బ్రాకెటింగ్ అంటారా, రా తీసేవాళ్లకు దాని అవసరమే లేదు.

అపోహ: మంచి ఎడిటింగ్ అంటే ప్రతి మూలా కనిపించాలి.

వాస్తవం: నేను గట్టిగా కాదనేది దీన్నే. అన్నీ తీసిపెట్టుకున్నాం కాబట్టి అన్నీ చూపించాలని లేదు. మదనిక ఫొటోకి నేను మధ్య ఫ్రేమ్‌ను కింద పెడతాను. దాని మీద నల్లటి ఫ్రేమ్, ఆకాశం మేరకే కనిపించేలా. అన్నిటికన్నా పైన తెల్లటి ఫ్రేమ్ పెట్టి, దానికి పూర్తి నల్ల మాస్క్ వేస్తాను, అంటే ఆ ఫ్రేమ్ మొత్తం దాక్కుంటుంది, తెల్ల బ్రష్ తిప్పిన చోటే బయటికొస్తుంది. మెత్తని బ్రష్, బలం పది శాతం. మోచేతి వంపు మీద ఒకసారి, దండల మీద రెండుసార్లు, ముఖం మీద ఇంకాస్త. తడిమినట్టు ఉండాలి. చూరు అడుగుభాగాన్ని మాత్రం ముట్టుకోను. అక్కడ నీడ ఉంటేనే ఆ రాతి బొమ్మ గోడ నుంచి ముందుకు వచ్చి నిలబడుతుంది. నీడలోని రాయి వెనకున్న ఆకాశం కంటే తెల్లగా మెరిస్తే చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా ఏదో తేడాగా అనిపిస్తుంది. అంచుల చుట్టూ తెల్లటి వలయం కనిపిస్తే వెనక్కి రావాల్సిందే.

వేరే రోజు ఆకాశం అతికించడం వేరే సంగతి. సరదాకు చేయండి, చేశామని చెప్పండి. గుడి రికార్డు కోసం తీసే ఫొటోలో మాత్రం చేయకండి.

అపోహ: కెమెరా ఆఫ్ చేస్తే బ్రాకెటింగూ ఆఫ్ అవుతుంది.

వాస్తవం: చాలా కెమెరాల్లో అవదు. ఒకసారి గుడి దగ్గర పని ముగించుకుని నేరుగా పెళ్లికి వెళ్లాను. తలంబ్రాల వేళ ఇద్దరూ నవ్విన ఆ ఒక్క క్షణం రెండు స్టాపులు ఓవర్ (వెలుగు ఎక్కువైన) ఫ్రేమ్‌లో పడింది. ముఖాలు కొంత దక్కాయి, మధుపర్కాల తెలుపు మాత్రం నేత కనిపించకుండా పోయింది. ఇప్పుడు లెన్స్‌కు మూత పెట్టేముందు బ్రాకెటింగ్ సున్నాకి తెచ్చి, ఒక ఉత్త ఫ్రేమ్ తీసి చూసుకున్నాకే బ్యాగ్ సర్దుతాను.