కొయ్య పడవ ఒడుపు

జూలై వచ్చిందంటే హుస్సేన్ సాగర్ మీద పడమటి గాలి జోరుగా వీస్తుంది. మన నగరంలో సెయిలింగ్‌కి అసలైన రోజులవే. ఇప్పుడు అక్కడ తిరిగేవి దాదాపు అన్నీ ఫైబర్‌గ్లాస్ పడవలు. నేను నేర్చుకున్నది మాత్రం ప్లైవుడ్‌తో చేసిన ఎంటర్‌ప్రైజ్ అనే చిన్న తెరచాప పడవ మీద. జాక్ హోల్ట్ 1956లో డిజైన్ చేసిన ఆ నీలి తెరచాపల పడవంటే నాకు ఇప్పటికీ ప్రాణం. అల తగిలినప్పుడు చెక్క చేసే చప్పుడు, ఎండకు వేడెక్కిన వార్నిష్ వాసన ఫైబర్‌గ్లాస్‌లో దొరకవు. చుట్టూ ఉన్న భవనాల వల్ల గాలి క్షణానికోసారి దిశ మారుతుంటే, చుక్కాని పట్టుకున్న చేతికి ఆ చెక్క వణుకు ముందే తెలిసేది.

కొయ్య అంటే నిలువునా పేర్చిన సన్నటి గొట్టాల మోపు. వాటి గోడల్లోని సెల్యులోజ్ పోగుల మధ్యకు నీరు చేరి వాటిని ఎడం చేస్తుంది. పోగుల పొడవు మాత్రం పెరగదు. అందుకే పచ్చి కలప పూర్తిగా ఎండితే చాలా జాతుల్లో అడ్డంగా 5 నుంచి 10 శాతం దాకా కుంచించుకుపోతుంది, నిలువునా 0.2 శాతం కూడా తగ్గదు. తడిస్తే మళ్లీ అడ్డంగానే ఉబ్బుతుంది. వానాకాలంలో తలుపులు బిగుసుకునేది ఇందుకే.

పాతకాలపు యాట్‌లు, అంటే విహారానికీ పందేలకూ వాడే పెద్ద తెరచాప పడవలు, ఈ గుణాన్నే నమ్ముకున్నాయి. పలకలను అంచుకు అంచు ఆనించి బిగించి, సందుల్లో నూలు దట్టిస్తారు. కొత్తగా నీళ్లలోకి దిగిన పడవలో కొన్నాళ్లు నీరు ఊరుతుంది. పలకలు ఉబ్బి ఒకదాన్నొకటి నొక్కుకోగానే కారడం తగ్గిపోతుంది. లోపలికి వచ్చే నీళ్లను ఆపేది నీళ్లే! ఇంత చక్కటి ఏర్పాటు నేనింకెక్కడా చూడలేదు.

అలాంటి పడవను మన మే నెల ఎండలో ఒడ్డున ఉంచితే సందులన్నీ తెరుచుకుంటాయి. ప్లైవుడ్‌కి ఆ టెన్షన్ లేదు. పొరలను ఒకదానికొకటి అడ్డంగా అతికిస్తారు కాబట్టి, ఒక పొర ఉబ్బబోతే పక్క పొరలోని పోగులు ఆపేస్తాయి. వేసవంతా షెడ్డులో ఉన్న మా ఎంటర్‌ప్రైజ్ వానలు మొదలవగానే నేరుగా నీళ్లలోకి దిగేది.

టేకు సంగతి వేరు. అది తక్కువ ఉబ్బుతుంది, అందులోని సహజమైన నూనెలు తేమనూ పురుగులనూ తట్టుకుంటాయి. 1817లో బొంబాయిలో టేకుతో కట్టిన ట్రింకోమలీ యుద్ధనౌక ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో ఇంకా తేలుతూనే ఉంది.

ఇక పాత యాట్‌ల రూపం. ముందూ వెనకా నీటిపైకి పొడుచుకొచ్చిన ఆ కొనలు అలంకారం కోసం అనుకుంటాం. కానీ వాటికి వేగంతో సంబంధం ఉంది. కదిలే పడవ తానే ఒక అలను లేపుతుంది. ఆ అల పొడవు పడవ పొడవుకు సమానమయ్యాక వేగం పెంచడం చాలా కష్టం. అంటే నీటిని తాకే పొడవు ఎంత ఎక్కువైతే అంత వేగం. ఒలిన్ స్టీఫెన్స్ డిజైన్ చేసిన డొరేడ్ అనే యాట్ 1930లో నీళ్లలోకి దిగింది. మొత్తం పొడవు 52 అడుగులు, నిలకడగా ఉన్నప్పుడు నీటిని తాకేది 37 అడుగులే. ఈ లెక్కన దాని వేగానికి హద్దు సుమారు 8 నాట్‌లు, అంటే గంటకు దాదాపు 15 కిలోమీటర్లు. గాలికి ఒరిగినప్పుడు ఆ కొనల్లో కొంత భాగం నీళ్లలో మునుగుతుంది, పడవ పొడవు పెరిగినట్టే. 1936లో లాస్ ఏంజిలిస్ నుంచి హోనొలులు దాకా జరిగిన పోటీ గెలిచిన డొరేడ్, అదే పోటీని 2013లో ఆధునిక పడవల మధ్య మళ్లీ గెలిచింది.