లిథియం పోయినా గూడు మిగిలే ఉంది

మా చిత్తూరు ఇళ్లలో ఇత్తడి గిన్నెకు కళాయి పోతే గిన్నెను కరగబెట్టేవాళ్లు కాదు. కళాయి వేసే మనిషి వీధిలోకి వచ్చినప్పుడు మళ్లీ తగరం పూయించుకునేవాళ్లు. పాత లిథియం బ్యాటరీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం గిన్నెనే కరగబెడుతున్నాం.

ఈ బ్యాటరీలో ఖరీదైన భాగం క్యాథోడ్. పల్చటి అల్యూమినియం రేకు మీద పూసిన నల్లటి పొడి అది. ఆ పొడిలోని ప్రతి రేణువూ లిథియం అయాన్లకు ఒక గూడు. ఛార్జింగ్ పెడితే అవి గూడు వదిలి బ్యాటరీలో అవతలి వైపున్న గ్రాఫైట్‌లోకి వెళ్తాయి, బండి నడుపుతుంటే తిరిగొస్తాయి. అన్నీ రావు. గ్రాఫైట్ మీద పేరుకునే పొరలో కొన్ని చిక్కుకుపోతాయి. అలా తగ్గుతూ సామర్థ్యం 80 శాతం దగ్గరికి పడిపోతే, బండికి ఇక చాలదని బ్యాటరీ మార్చేస్తారు. అప్పటికీ గూడు చాలావరకు చెక్కుచెదరదు.

పాత బ్యాటరీలను కొలిమిలో 1400 డిగ్రీల వేడికి కరిగిస్తే కోబాల్ట్, నికెల్ దక్కుతాయి, లిథియం చిట్టెంలో కలిసిపోతుంది. సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కరిగిస్తే లిథియం కూడా చేతికొస్తుంది కానీ, కొత్త గూడు మొదటినుంచీ కట్టుకోవాలి.

బస్సుల్లో, ఆటోల్లో విరివిగా వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకంతో చిక్కు ఇంకా ఎక్కువ. అందులో కోబాల్టూ లేదు, నికెలూ లేదు. ఇనుము కోసం ఎవరు కరగబెడతారు? 2022 నుంచి తిరుమల కొండకు విద్యుత్ బస్సులు నడుస్తున్న ఊళ్లో ఉండి ఈ ప్రశ్న పట్టించుకోకుండా ఉండలేను.

దీనికి 2020లో శాండియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు చూపిన దారి నాకు ఎంతో నచ్చింది. ఈ రకంలో లిథియం ఖాళీ చేసిన చోట్లలోకి కొంత ఇనుము జరిగి, దారికి అడ్డం కూర్చుంటుంది. వాళ్లు పాత పొడిని లిథియం లవణం, సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో 80 డిగ్రీల దగ్గర ఉంచారు. సిట్రిక్ యాసిడ్ అంటే మన కొట్లలో దొరికే నిమ్మ ఉప్పే. అది ఇనుముకు ఎలక్ట్రాన్లు అందిస్తుంది. ఇనుము తన చోటికి తాను జరుగుతుంది, లిథియం లోపలికి వచ్చి కూర్చుంటుంది. తర్వాత కాసేపు కాలిస్తే పొడి మళ్లీ కొత్తదానిలా పనిచేస్తుంది. కరగబెట్టేంత వేడి అక్కర్లేకుండా గూడు బాగుపడటం చిన్న సంగతి కాదు!

అయితే ఈ వైద్యం ఏ రకం క్యాథోడ్‌కు ఆ రకమే. పొడులు కలిసిపోతే పనిచేయదు. తిరుపతి పక్కన కరకంబాడిలో దశాబ్దాలుగా తయారవుతున్న సీసం బ్యాటరీలకు ఈ బాధ లేదు, ఏది విప్పినా లోపల సీసమే. లిథియం బ్యాటరీలు అలా కాదు. పాత సామాన్ల కొట్టులో ఫోన్ బ్యాటరీ, స్కూటర్ బ్యాటరీ ఒకే గోనెసంచిలోకి వెళ్తాయి. లోపల ఏ క్యాథోడ్ ఉందో ప్రతి ప్యాక్ మీదా కొట్టువాడికి అర్థమయ్యేలా పెద్దక్షరాల్లో ముద్రిస్తే, ఆ సంచి దగ్గరే వేరుచేయొచ్చు.