సియోల్ రాజభవనాలు: పెద్దదే పాతది అనుకుంటే పొరపాటే

సియోల్‌కి వచ్చే తెలుగువాళ్లకు ఊరు చూపించడం నా పని. అందరి నోటా ఒకటే పేరు వినిపిస్తుంది, గ్యోంగ్‌బొక్‌గుంగ్. 'గుంగ్' అంటే రాజభవనం. పూర్వం కొరియాను ఏలిన జొసోన్ వంశపు రాజులవి ఇలాంటివి నగరంలో ఐదున్నాయి. "ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే కదండీ" అని అడుగుతుంటారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి కొన్నున్నాయి.

అపోహ: గ్యోంగ్‌బొక్‌గుంగ్ అన్నిటికంటే పాతది, అసలైనది అదే.

పునాది వేసిన సంవత్సరం వరకు నిజమే. 1395లో కట్టారు. కానీ 1592లో జపాన్ దండెత్తినప్పుడు కాలిపోయి, దాదాపు 270 ఏళ్లు పాడుబడి ఉంది. బాలరాజు గొజోంగ్ తరఫున పాలన నడిపిన తండ్రి హుంగ్‌సొన్ దెవొన్‌గున్, 1860లలో దాన్ని మళ్లీ లేపాడు. తర్వాత జపాన్ వలస పాలనలో చాలా కట్టడాలు పీకేసి, సింహాసన మందిరానికి ఎదురుగా గవర్నర్ జనరల్ కార్యాలయం కట్టారు. కొరియన్లు దాన్ని 1990లలో కూల్చి, పాత కట్టడాలను ఒక్కొక్కటిగా తిరిగి నిలబెడుతున్నారు. అందుకే అక్కడ చాలా చోట్ల మీకు కనిపించేది కొత్త కలప, కొత్త రంగు.

మరి ఆ 270 ఏళ్లూ రాజులు ఎక్కడున్నారు? ఎక్కువగా ఛాంగ్‌దొక్‌గుంగ్‌లో. యునెస్కో 1997లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది దాన్నే. దాని పక్కనే ఉన్న ఛాంగ్‌గ్యోంగ్‌గుంగ్‌లోని సింహాసన మందిరం 1616 నాటిది. ఐదు భవనాల సింహాసన మందిరాల్లో అదే పాతది. జపాన్‌వాళ్లు ఈ భవనంలో ఏకంగా జంతు ప్రదర్శనశాల పెట్టారు, 1980లలో గానీ అది అక్కడి నుంచి కదల్లేదు. 1909లో కట్టిన అద్దాల మొక్కల ఇల్లు మాత్రం ఇంకా ఉంది. టికెట్ తక్కువ, జనం తక్కువ. నన్నడిగితే సగం రోజు ఇక్కడే గడపమంటాను, కానీ ఫొటోల కోసం వచ్చినవాళ్లు వినరు.

అపోహ: ఏ రోజైనా వెళ్లొచ్చు.

గ్యోంగ్‌బొక్‌గుంగ్‌కి మంగళవారం సెలవు. ఛాంగ్‌దొక్‌గుంగ్, ఛాంగ్‌గ్యోంగ్‌గుంగ్, దొక్సుగుంగ్‌లకు సోమవారం. మంగళవారం మూసిన గేటు ముందు సెల్ఫీ దిగి వెనక్కి వచ్చిన కుటుంబాలను చూశాను. ఒక్కటే రోజు ఉందంటే, ముందు అది ఏ వారమో చూడండి.

అపోహ: ఛాంగ్‌దొక్‌గుంగ్ టికెట్‌లోనే వెనకాల తోట కూడా వస్తుంది.

రాదు. ఆ భవనం విస్తీర్ణంలో సగానికి పైగా ఉన్న ఆ తోటకు టికెట్ వేరు, టైం స్లాట్ వేరు. మామూలుగా గైడ్ వెంటే నడవాలి. అక్టోబరు చివర్లో ఆకులు ఎర్రబడే రోజుల్లో టికెట్లు ఇట్టే అయిపోతాయి, ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. ఎత్తుపల్లాల దారి, గంటకు పైగా నడక. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారినో మామయ్యగారినో తీసుకొస్తుంటే ఇది ఆలోచించాలి. హన్‌బొక్ (కొరియన్ల సంప్రదాయ దుస్తులు) వేసుకుంటే భవనాల్లోకి ఉచితమే గానీ, ఈ తోటకు ఆ మినహాయింపు లేదు. పట్టుచీర కడితే ఫ్రీ ఎంట్రీ ఇస్తారా అని ఒకావిడ అడిగారు. ఇవ్వరండీ. కానీ ఆ రోజు అక్కడ హన్‌బొక్‌లకంటే ఆమె చీరకే ఎక్కువ ఫొటోలు తీశారు.

అపోహ: లోపల ఏమీ లేదు, ఖాళీ గదులే.

మంచాలు, సోఫాలు వెతికితే కనపడవు. రాజైనా రాణైనా చాపలు, పరుపులు వేసుకుని నేల మీదే కూర్చునేవాళ్లు, పడుకునేవాళ్లు. వెచ్చదనం నేల కిందినుంచే వచ్చేది. పక్కన పొయ్యి రాజేస్తే వేడి పొగ గది కిందున్న రాతి కాలువల్లోంచి పారి, దూరంగా కట్టిన పొగగొట్టంలోంచి బయటికి పోయేది. ఈ పద్ధతిని ఒందొల్ అంటారు. కాబట్టి గదుల్లోకి తొంగిచూసి నిట్టూర్చకుండా పెరట్లోకి వెళ్లండి. గ్యోంగ్‌బొక్‌గుంగ్‌లో రాణి మందిరం వెనక మెట్లు మెట్లుగా ఉన్న తోటలో ఇటుక పొగగొట్టాలు వరసగా నిలబడి ఉంటాయి. గొజోంగ్‌ను గద్దెనెక్కించిన రాజమాత ఉన్న జగ్యోంగ్‌జొన్ వెనకైతే, పొగగొట్టమే ఒక గోడ. సూర్యుడు, దేవదారు, జింక, కొంగ, తాబేలు లాంటి దీర్ఘాయుష్షు గుర్తులన్నీ దాని మీద చెక్కి ఉంటాయి. నా గుంపులో సగం మంది దాన్ని చూడకుండానే దాటిపోతారు, నేనే వెనక్కి పిలవాలి.

అపోహ: దొక్సుగుంగ్ చిన్నది, వదిలేయొచ్చు.

చిన్నదే. కానీ రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది, పగలంతా షాపింగ్ అయ్యాక కూడా వెళ్లొచ్చు. 1895లో గ్యోంగ్‌బొక్‌గుంగ్‌లో రాణి హత్య జరిగాక గొజోంగ్ రష్యా దౌత్య కార్యాలయంలో తలదాచుకుని, 1897లో ఇక్కడికి వచ్చాడు. 1919లో ఇక్కడే చనిపోయాడు. పెంకుటిళ్ల పక్కనే 1910లో పూర్తయిన యూరప్ తరహా రాతి భవనం ఉంటుంది. రెండూ ఒకే ఫ్రేములో పడతాయి.

దీని గోడ పక్క దారి గురించి సియోల్‌వాళ్ల సొంత అపోహ ఒకటుంది: జంటగా అక్కడ నడిస్తే విడిపోతారట. ఒకప్పుడు ఆ దారిలో కుటుంబ కోర్టు ఉండేది, విడాకులకు వచ్చేవాళ్లు అటుగానే నడిచేవాళ్లని చెబుతారు. కొత్త దంపతులు వస్తే, ఈ మాట దారి చివరికి వచ్చాకే చెబుతాను.