తులసికీ గంజాయికీ చుట్టరికం

చెడ్డవాళ్ళ మధ్య ఒక్క మంచివాడు కనిపిస్తే 'గంజాయి వనంలో తులసి మొక్క' అంటాం. రసాయనాల లెక్కన మాత్రం ఆ రెండూ మరీ పరాయివేం కావు.

తులసాకు నలిపి వాసన చూడండి. ఆ ఘాటు ఆకు మీది సన్నటి నూనె తిత్తుల్లోది. గంజాయి ఆడ మొక్క పూత మీదా అలాంటివే దట్టంగా ఉంటాయి. భూతద్దంలో చూస్తే గుండుసూదుల్లా, తల మీద జిగురు బొట్టుతో కనబడతాయి. మత్తు చాలావరకు ఆ బొట్టులోనే. 1985 నాటి మన చట్టం కూడా పూత, కాయ ఉన్న కొనల్నే గంజాయి అంటుంది, విడి ఆకునీ గింజనీ కాదు. ఆకుతో చేసే భంగు ఆ సందులోంచే బతికిపోయింది.

కార్యోఫిలీన్ అనే పదార్థం తులసిలోనూ గంజాయిలోనూ ఉంది, మిరియాల్లోనూ ఉంది. గంజాయి మన ఒంట్లో ముఖ్యంగా రెండు రకాల గ్రాహకాలను, అంటే కణాల మీదుండే మీటల్లాంటివాటిని, తాకుతుంది. కార్యోఫిలీన్ అందులో రోగనిరోధక కణాల మీద ఎక్కువగా ఉండేదాన్నే పట్టుకుంటుంది, మెదడులో ఎక్కువగా ఉండేదాని జోలికి పోదు. మిరియాల చారు తాగి ఎవరూ తూగకపోవడం అందుకే.

మత్తు గంజాయిలోని టీహెచ్‌సీ అనే పదార్థం పని. 1964లో ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలమ్, యెహియెల్ గావోనీ అనే శాస్త్రవేత్తలు దాన్ని విడదీసి నిర్మాణం తేల్చారు. పోలీసులు పట్టుకున్న 5 కిలోల హషీష్‌ను (గంజాయి జిగురును) మెషూలమ్ బస్సులోనే ల్యాబ్‌కి మోసుకొచ్చాడు! తరవాత ఆయన భార్య చేసిన కేకును 10 మంది స్నేహితులకు పెట్టారు. ఐదుగురి ముక్కల్లోనే టీహెచ్‌సీ ఉంది, తలా 10 మిల్లీగ్రాములు. ఒకరికి నవ్వు ఆగలేదు, ఒకరు మాటలు ఆపలేదు, ఇంకొకరికి ఒకటే టెన్షన్. మోతాదు ఒక్కటే, మనిషికో తీరు.

మెదడులో దానికి తగిన గ్రాహకం ఎందుకుంది? జవాబు 1992లో దొరికింది. మన మెదడే అలాంటి పదార్థం తయారు చేసుకుంటోంది. సంస్కృతం 'ఆనంద'లోంచి దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టారు. నాడీకణాల మధ్య కబుర్లు ఎక్కువైనప్పుడు, వినే కణం చెప్పే కణానికి 'ఇక చాలు' అనడానికి వాడే సంకేతాల్లో ఇదొకటి. పని కాగానే ఎంజైములు దాన్ని కొరికేస్తాయి. టీహెచ్‌సీ అంత తొందరగా పోదు, గంటల తరబడి ఆ మీటలు నొక్కిపెడుతుంది. జ్ఞాపకాలు అల్లే హిప్పోక్యాంపస్‌లో ఆ మీటలు మెండు. దమ్ము కొట్టినవాడు మొదలుపెట్టిన వాక్యం మధ్యలో మరిచిపోయేది అందుకే. శ్వాసను నడిపే భాగంలో అవి తక్కువ. హెరాయిన్‌లా ఊపిరి ఆపేయదని చెప్పే మాట నిజమే. కానీ గుండె దడ పెరుగుతుంది, వాడేవాళ్ళలో కొందరికి వదల్లేని అలవాటవుతుంది. తినే రూపంలో ఇంకో చిక్కు: మత్తెక్కడానికి గంటా రెండు గంటలు పడుతుంది, ఈలోగా 'ఏమీ కాలేదే' అని ఇంకో ముక్క తింటారు.

నా భయం పదో తరగతి, ఇంటర్ పిల్లల గురించి. మెదడు వైరింగ్ ఇరవై అయిదేళ్ళ దాకా సాగుతూనే ఉంటుంది, అందులో ఆనందమైడ్‌కీ పాత్ర ఉంది. ఆ వయసులో రోజూ, ఘాటైన సరుకు వాడేవాళ్ళలో సైకోసిస్ (లేనివి ఉన్నట్టు తోచే మానసిక జబ్బు) ముప్పు ఎక్కువని చాలా పరిశీలనల్లో తేలింది.

ఇదే మొక్కలో మత్తెక్కించని సీబీడీ అనే పదార్థం కూడా ఉంది. 1839లో కలకత్తాలో ఓషానెస్సీ అనే డాక్టరు మూర్ఛలొస్తున్న పసిబిడ్డకు గంజాయి సారం చుక్కలు వేసి చూశాడు. శుద్ధి చేసిన సీబీడీని పిల్లల్లో వచ్చే రెండు మొండి మూర్ఛలకు మందుగా అమెరికా ఆమోదించేసరికి 2018 వచ్చింది.