గ్రీకు గ్రంథాల మధ్యయుగ అనువాదాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: గ్రీకు శాస్త్రాలు మాయమైపోయి, అరబ్బీ నుంచే యూరప్‌కు తిరిగొచ్చాయి.

వాస్తవం: సగమే నిజం. కాన్‌స్టాంటినోపుల్‌లో గ్రీకు ప్రతులు రాసుకుంటూ, చదువుకుంటూనే ఉన్నారు. టాలెమీ ఖగోళ గ్రంథం ‘అల్మజెస్ట్’ 1160 ప్రాంతంలో సిసిలీలో నేరుగా గ్రీకు నుంచే లాటిన్‌లోకి వచ్చింది. స్పెయిన్‌లోని టొలీడోలో క్రెమోనా జెరార్డ్ అరబ్బీ నుంచి చేసింది 1175 నాటిది. విచిత్రమేమిటంటే, ఎక్కువమంది చదివింది రెండోదే. అరిస్టాటిల్ దగ్గర కథ తిరగబడింది: చివరికి నిలిచినవి చాలావరకు గ్రీకు నుంచి చేసినవే.

అపోహ: బాగ్దాద్‌లో ఏ ప్రతి దొరికితే అది ముందేసుకుని అనువదించేసేవారు.

వాస్తవం: బాగ్దాద్ అనువాదకుడు హునయ్న్ ఇబ్న్ ఇస్హాక్ (మరణం 873) తన పనితీరును స్వయంగా రాసిపెట్టాడు. ప్రాచీన గ్రీకు వైద్యుడు గాలెన్ రాసిన వైద్యగ్రంథానికి వీలైనన్ని గ్రీకు ప్రతులు పోగుచేయడం, పోల్చి చూసి ఒక సరైన పాఠం తేల్చుకోవడం, ఆ తర్వాతే సిరియాక్ (అప్పటి సిరియా ప్రాంతపు క్రైస్తవుల భాష) అనువాదాన్ని దిద్దడం. అరబ్బీ అనువాదం చాలాసార్లు ఆ సిరియాక్ నుంచే. గాలెన్ ‘నిరూపణ’ గ్రంథం కోసం అలెగ్జాండ్రియా దాకా తిరిగితే, డమాస్కస్‌లో సుమారు సగం దొరికింది.

ఇంత తంటా ఎందుకంటే, పాత ప్రతుల్లో అన్నీ పెద్దక్షరాలే, మాటల మధ్య ఖాళీ ఉండదు. రెండు లాంబ్డా అక్షరాలు (ΛΛ) పక్కపక్కన పడితే ఒక మ్యూ అక్షరంలా (Μ) కనిపిస్తాయి. అలా ‘కానీ’ అన్న గ్రీకు మాట (ΑΛΛΑ) ‘ఒకేసారి’ (ΑΜΑ) అయిపోతుంది. వ్యాకరణం చెడకుండానే అర్థం మారిపోవచ్చు, ఒక్క ప్రతితో ఆ తప్పు దొరకదు.

అపోహ: మక్కీకి మక్కీ అనువాదం దండగ.

వాస్తవం: చదవడానికి ప్రాణం మీదికొస్తుంది, నిజమే. ప్రతులు పోల్చి అసలు పాఠం తేల్చే పరిష్కర్తకు మాత్రం అదే కావాలి. అనువాదకుడు మూర్బెకె విలియం 1269లో ఇటలీలోని వితెర్బోలో ఆర్కిమెడిస్‌ను లాటిన్ చేశాడు. మాటల వరసను కూడా సాధ్యమైనంతవరకు కదపడు కాబట్టి, ఆయన ఎదుట ఉన్న గ్రీకు పంక్తిని చాలాచోట్ల తిరిగి కట్టుకోవచ్చు. ఆయన వాడిన రెండు గ్రీకు ప్రతులూ తర్వాత పోయాయి. ఆర్కిమెడిస్ తేలే వస్తువుల గ్రంథానికైతే, 1906లో డెన్మార్క్ పండితుడు హైబెర్గ్ కాన్‌స్టాంటినోపుల్‌లో ఒక ప్రార్థన పుస్తకం అక్షరాల అడుగున చెరిపేసిన గ్రీకును చదివేదాకా ఈ లాటినే దిక్కు. మూర్బెకె తన చేత్తో రాసిన ప్రతి వాటికన్‌లో ఉంది. ఒక జాగ్రత్త: లాటిన్ వాక్యం అర్థం కాకపోతే వెంటనే దిద్దకండి. ముందు గ్రీకులోకి మార్చి చూడండి. తప్పు అనువాదకుడిది కాక, ఆయన చూసిన ప్రతిది కావచ్చు.

అపోహ: అట్ట మీద పేరున్నవాడే రచయిత.

వాస్తవం: అరబ్బీ ‘అరిస్టాటిల్ దైవశాస్త్రం’లో ఉన్నది నిజానికి తర్వాతి కాలపు తత్త్వవేత్త ప్లొటైనస్ రాతలు. అరిస్టాటిల్‌దిగా చలామణి అయిన ‘కారణాల గ్రంథం’ మరో తర్వాతి తత్త్వవేత్త ప్రొక్లస్ నుంచి తీసిందని క్రైస్తవ తత్త్వవేత్త ఆక్వినాస్ 1272 ప్రాంతంలో పట్టుకున్నాడు. పోల్చడానికి ప్రొక్లస్ లాటిన్‌లో చేతికొచ్చింది 1268లో, అదీ మూర్బెకె పుణ్యమే.