అమ్మ పేరు మీద ఫ్లాట్, కొడుకు జీతంలో ఈఎంఐ: ఈ చిక్కు ఎక్కడిది?

మియాపూర్‌లోనో నిజాంపేటలోనో ఫ్లాట్ చూసుకుని, "రిజిస్ట్రేషన్ అమ్మ పేరు మీద చేయిద్దాం, లోన్ నేను కడతా" అనే పిల్లలు హైదరాబాద్‌లో చాలామందే ఉన్నారు. మంచి మనసుతో చేసే పనే. కానీ డబ్బు ఒకరిది, పేరు ఇంకొకరిది అయితే ఆస్తి ఎవరిదన్న విషయంలో చట్టం పూర్తిగా తిరగబడింది, మన ఇళ్లలో ఆలోచన మాత్రం పాతచోటే ఆగిపోయింది.

ఒక తండ్రి కొడుకు పేరు మీద కొన్న ఆస్తి గొడవ 1854లో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ పాలనలో మనకు పై కోర్టు, లండన్‌లో ఉండేది) దాకా వెళ్లింది. ఇక్కడ అలా కొనడం మామూలే, డబ్బు పెట్టిన తండ్రిదే ఆస్తి అని తీర్పు వచ్చింది. 1882 ట్రస్టుల చట్టం కూడా ఆ మాటే చెప్పింది. అంటే వందేళ్లకు పైగా కాగితం మీద ఎవరి పేరున్నా భయం లేదు, కట్టింది మీరని రుజువు చేసుకుంటే చాలు.

1988లో బినామీ చట్టం వచ్చి దీన్ని తలకిందులు చేసింది. డబ్బు పెట్టినవాళ్లు కోర్టుకెళ్లి ఇది నాదే అనడానికి వీల్లేకుండా పోయింది. అయితే జప్తుకు కావాల్సిన రూల్స్ ఏళ్ల తరబడి రాలేదు కాబట్టి జనం పట్టించుకోలేదు. 2016 నవంబర్ 1 నుంచి సవరణ అమల్లోకి వచ్చాక జప్తు, ఏడేళ్ల దాకా జైలు నిజంగానే ఉన్నాయి. లెక్క చూపగల డబ్బుతో భార్య, భర్త, పిల్లల పేరు మీద కొంటే ఇబ్బంది లేదు. అమ్మానాన్నలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల విషయంలో మినహాయింపు కావాలంటే మాత్రం పత్రాల్లో మీ పేరు కూడా జాయింట్‌గా ఉండాలి, ఈ తేడా చాలామందికి తెలియదు.

డబ్బు అమ్మకు గిఫ్టుగా ఇచ్చి ఆవిడనే కొనమనొచ్చు. గిఫ్ట్ ట్యాక్స్ 1998లోనే పోయింది, పిల్లలు ఇచ్చిన డబ్బు మీద ఆవిడకూ పన్ను పడదు. కానీ అప్పుడు ఇల్లు నిజంగా ఆవిడదే. వీలునామా రాయకుండా ఆవిడ చనిపోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం నాన్నకు, పిల్లలందరికీ సమాన వాటా, ఈఎంఐ ఎవరు కట్టారన్నది అక్కడ లెక్కలోకి రాదు. అన్నాచెల్లెళ్ల మధ్య మాటలు ఆగిపోయేది ఇక్కడే, నాకు బాధ కలిగించేదీ ఇదే.

పన్ను సంగతి చిన్నది. సొంతంగా ఉండే ఇంటి లోన్ వడ్డీకి ఏడాదికి 2 లక్షల మినహాయింపు (2014 బడ్జెట్‌కు ముందు లక్షన్నర) ఓనర్‌కే వస్తుంది, ఈఎంఐ మీ అకౌంట్ నుంచే పోతున్నా పత్రంలో పేరు లేకపోతే మీకు రాదు. కొత్త పన్ను విధానంలో అదీ లేదు.

అందుకే సేల్ అగ్రిమెంట్ రాసేటప్పుడే మీ పేరూ పెట్టించండి. తర్వాత చేర్చాలంటే మళ్లీ డీడ్, మళ్లీ స్టాంపు డ్యూటీ, ఇల్లు తాకట్టులో ఉంటుంది కాబట్టి బ్యాంకు ఒప్పుకోలు కూడా కావాలి.