మెయిన్ రోడ్డు ఎవరి నడకతో పుట్టింది?

రాజమహేంద్రవరం కోటగుమ్మం దగ్గర మెయిన్ రోడ్డులో సంక్రాంతికి ముందు వారం నడిచినవారికి, ఆ వీధిని కొన్ని గంటలైనా వాహనాలకు మూసివేయాలన్న ఆలోచన ఎందుకు కలుగుతుందో వేరే చెప్పనక్కరలేదు. వాహనాలు లేని బజారు పరాయి నగరాల పద్ధతి అని కొందరి అభిప్రాయం. ఈ ఊరి చరిత్ర మాత్రం అలా చెప్పడం లేదు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలువలు సాగునీటితో పాటు పడవలనూ నడిపించాయి. ధాన్యం, కొబ్బరి అమ్ముకున్న రైతు కుటుంబాలు పెళ్లి బట్టలకు, బంగారానికి పట్నం రావడం అలవాటైంది. 1900లో హేవ్‌లాక్ వంతెన మీదుగా రైళ్లు మొదలయ్యాయి. గోదావరి స్టేషన్‌లో దిగినా, అవతలి ఒడ్డున ఉన్న కొవ్వూరు నుంచి లాంచీలో వచ్చి రేవులో దిగినా బజారు నడక దూరంలోనే ఉండేది. కాలినడకన వచ్చేవారి కోసం ఏర్పడిన వీధి కనుకనే దుకాణాలు ఒకదానికొకటి ఆనుకొని, గుమ్మాలు నేరుగా దారిలోకి తెరుచుకొని ఉంటాయి.

1974లో రోడ్డు కమ్ రైలు వంతెన రావడంతో గోదావరి పశ్చిమ ఒడ్డు నుంచి బస్సులు, లారీలు నేరుగా ఊళ్లోకి వచ్చాయి. తరువాత స్కూటర్లు, ఆటోలు, కార్లు పెరిగాయి. టోకు బట్టల వ్యాపారానికి ఊళ్లోని తాడితోట ప్రాంతం కేంద్రమైనా మెయిన్ రోడ్డుకు కొనుగోలుదారుల రాక ఆగలేదు. వీధి వెడల్పు మాత్రం ఆ రద్దీకి చాలినంతగా పెరగలేదు.

ఢిల్లీ చాందినీ చౌక్‌లో 2021 నుంచి ఉదయం 9 నుంచి రాత్రి 9 వరకు మోటారు వాహనాలను నిలిపివేసి, సరుకు దించుకోవడానికి రాత్రివేళను విడిచిపెట్టారు. ఇక్కడా వ్యాపారుల మొదటి భయం సరుకు గురించే కాబట్టి, మనం ముందుగా పరిశీలించవలసింది ఆ సమయ విభజననే. తోపుడుబళ్లవారి సంగతి అంతకంటే ముఖ్యం. వీధి వ్యాపారం రాజ్యాంగం ఇచ్చిన వృత్తి, వ్యాపార స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1989లోనే గుర్తించింది. వీధి వ్యాపారుల సర్వే పూర్తికాకుండా వారిని తొలగించరాదని 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం చెబుతోంది. నడకదారి పేరిట మొదట వారినే ఖాళీ చేయిస్తే అది అన్యాయం, చట్టవిరుద్ధం కూడా.

వాహనాలను ఊరి వెలుపల ఆపి జనాన్ని నడిపించడం ఈ నగరానికి కొత్త కాదు. 2015 పుష్కరాల 12 రోజులూ ఘాట్ల చుట్టూ జరిగింది అదే. మళ్లీ పుష్కరాలు 2027లో. అప్పటి ఏర్పాట్లకు ఎలాగూ పార్కింగ్ స్థలాలు వెతకాలి. వాటిని మెయిన్ రోడ్డు సాయంత్రాలకూ పనికివచ్చేలా ఇప్పుడే ఎంపిక చేయవచ్చు.